ఎడమచేతి క్లబ్బు కొనేముందు

అందరికీ నమస్కారం. ఈ మైకు స్టాండు కుడిచేతివాళ్ళ కోసం పెట్టినట్టుంది, కాస్త ఇటు తిప్పుకుంటాను. (నవ్వులు) అలవాటే లెండి.

అసలు విషయంలోకి వెళ్ళేముందు నా పరువు నేనే తీసుకుంటాను. గోల్ఫ్ మొదలుపెట్టిన కొత్తలో మొదటి గ్లవ్ ఆన్‌లైన్‌లో కొన్నాను. రెండు రకాలు కనిపించాయి. ఒకదాని మీద 'లెఫ్ట్ హ్యాండ్', ఇంకోదాని మీద 'రైట్ హ్యాండ్' అని రాసి ఉంది. నేను పుట్టు ఎడమచేతివాటం వాణ్ణి. ఆలోచించేది ఏముంది, 'లెఫ్ట్ హ్యాండ్' నొక్కేశాను. పార్సిల్ వచ్చింది, తొడుక్కున్నాను, అతికినట్టు సరిపోయింది. ఎడమ చేతికి. తీరా ప్రాక్టీస్ రేంజ్‌కి వెళ్ళి క్లబ్బు, అంటే బంతిని కొట్టే కర్ర, పట్టుకున్నాక అర్థమైంది. గ్లవ్ వేసుకునేది గ్రిప్ మీద, అంటే క్లబ్బు పిడి మీద, పైన ఉండే చేతికి. మనం ఎడమవైపు ఆడతాం కాబట్టి పైన ఉండేది కుడి చెయ్యి. అంటే మనకి కావాల్సింది 'రైట్ హ్యాండ్' గ్లవ్.

గ్లవ్ మీద రాసేది చేతి గురించి. క్లబ్బు మీద రాసేది ఆడే మనిషి గురించి. ఒకే రెండు మాటలు, అర్థాలు మాత్రం ఎదురెదురు. ఇందులో పడనివాడు లెఫ్టీయే కాడు. ఆ గ్లవ్ ఇంకా నా దగ్గరే ఉంది.

లెఫ్టీలకి క్లబ్బులు దొరకవని తరచూ వింటుంటాం. నన్నడిగితే అది పాతబడిన మాట. పింగ్, టైట్లిస్ట్, కాలవే, టేలర్‌మేడ్ లాంటి పేరున్న కంపెనీలు మనకీ చేస్తూనే ఉన్నాయి. ఆర్డర్ పెడితే వస్తాయి. దొరకనిది కొట్టి చూసే అవకాశం. కుడివాటం ఆటగాడు షాపుకి వెళ్తే పది డ్రైవర్లు, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బులు, కొట్టి చూసి పదకొండోది కొంటాడు. మనం ఫొటో చూసి కొంటాం. లేదంటే ఎడమచేతిది ఒక్కటే ఉంటే, అదే మనకి పుట్టినట్టు తెచ్చుకుంటాం. మన దగ్గర తప్పుడు క్లబ్బులు పోగుపడేది అందుకే. కొట్టి చూడకుండా కొనక తప్పని పరిస్థితిలో నష్టం ఎలా తగ్గించుకోవాలో, ఈ రోజు నేను చెప్పేదంతా అదే.

అయితే దానికన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది. మీరు నిజంగా ఎడమవైపు నుంచే ఆడాలా?

చేతులు ఎత్తండి చూద్దాం. ఎడమ చేత్తో రాసేవాళ్ళు? సరే. ఎడమవైపు నిలబడి గోల్ఫ్ ఆడేవాళ్ళు? చూశారా, రెండు గుంపులూ ఒకటి కాదు. ఎత్తిన చేతులు మారాయి.

మనుషుల్లో సుమారు పది మందికి ఒకరిది ఎడమచేతివాటం అంటారు. గోల్ఫ్ కోర్సులో చూస్తే అంతమంది కనిపించరు. చాలామంది ఎడమచేతి పిల్లలు ఇంట్లో ఉన్న కుడిచేతి సెట్టుతోనే మొదలుపెట్టి అలాగే స్థిరపడిపోతారు. ఇక రెండోవైపు చూడండి. మగవాళ్ళ మేజర్ టోర్నమెంట్లలో, అంటే ఏటా జరిగే నాలుగు అతిపెద్ద పోటీల్లో, ఎడమవైపు ఆడి గెలిచినవాళ్ళు 1963 నుంచి 2023 దాకా అయిదుగురు. న్యూజిలాండ్ ఆటగాడు బాబ్ చార్ల్స్ 1963లో రాయల్ లిథమ్‌లో ఓపెన్, అంటే బ్రిటిష్ ఓపెన్, గెలిచాడు. కెనడా ఆటగాడు మైక్ వియర్ 2003లో మాస్టర్స్ గెలిచాడు. ఫిల్ మికెల్సన్‌కి ఆరు మేజర్లు. బబ్బా వాట్సన్ 2012లోనూ 2014లోనూ మాస్టర్స్ గెలిచాడు. 2023లో బ్రయన్ హార్మన్ ఓపెన్ గెలిచాడు. ఈ అయిదుగురిలో మామూలు పనులు కూడా ఎడమ చేత్తోనే చేసుకునేవాడు బబ్బా వాట్సన్ ఒక్కడే. మిగతా నలుగురిదీ స్వతహాగా కుడిచేతివాటం!

బాబ్ చార్ల్స్ తల్లిదండ్రులు ఇద్దరూ ఎడమవైపు ఆడేవాళ్ళు, ఇంట్లో ఉన్నవి ఆ క్లబ్బులే. మికెల్సన్ పసివాడిగా ఉన్నప్పుడు తండ్రికి ఎదురుగా నిలబడి అద్దంలో బొమ్మలా ఆయన స్వింగ్‌ని, అంటే క్లబ్బు తిప్పే తీరుని, దించేశాడు. తండ్రి కుడివాటం, కొడుకు ఎడమవాటం అయిపోయాడు. మన క్రికెట్‌లో సౌరవ్ గంగూలీ కథ తెలిసిందే కదా. కుడిచేతి మనిషి, అన్నయ్య ఎడమచేతి కిట్టు వాడుకోవాలని ఎడమవైపు బ్యాటింగ్ నేర్చుకున్నాడు. ఏ చేత్తో ఆడాలో చాలాసార్లు ఇంట్లో ఉన్న సామానే తేల్చేస్తుంది, ఒంటితీరు కాదు.

ఇందులో తప్పేమీ లేదు. గోల్ఫ్ రెండు చేతుల ఆట. ఎడమవైపు ఆడే కుడిచేతి మనిషికి బలమైన చెయ్యి ముందుండి స్వింగ్‌ని నడిపిస్తుంది. అదొక లాభం అంటారు కొందరు. జోర్డన్ స్పీత్ బేస్‌బాల్ ఎడమ చేత్తో విసురుతాడు, గోల్ఫ్ కుడివైపు ఆడి మూడు మేజర్లు గెలిచాడు. కాబట్టి కుడివైపు ఆడుతూ హాయిగా ఉన్న ఎడమచేతివాళ్ళు నా మాటలు విని పక్క మార్చుకోకండి. కొత్తవాళ్ళకైతే నేను చేసే పరీక్ష ఒకటుంది. క్లబ్బు చూపించను. చేతికి ఒక కర్ర ఇచ్చి, కింద పడి ఉన్న బంతిని దూరంగా కొట్టమంటాను. గోల్ఫ్ అనే మాటే ఎత్తను. ఆలోచించకుండా ఎటువైపు నిలబడతారో చూస్తాను. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అటే నిలబడితే అదే వాళ్ళ వైపు. మారుతూ ఉంటే మాత్రం కుడివైపు ఆడమని చెప్తాను, మొహమాటం లేకుండా. ఎందుకంటే కుడివైపు కొట్టి చూసే అవకాశం ఎక్కువ, సెకండ్‌హ్యాండ్ ఎక్కువ, అరువిచ్చే స్నేహితులూ ఎక్కువ.

మైక్ వియర్‌కి చిన్నప్పుడు ఇదే సందేహం వచ్చింది. పదమూడేళ్ళ వయసులో గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్‌కి ఉత్తరం రాశాడు, కుడివైపు మారమంటారా అని. సహజంగా వచ్చిన స్వింగ్‌నే పట్టుకో అని ఆయన జవాబిచ్చాడు. ఆ పిల్లాడే మాస్టర్స్ గెలిచిన మొదటి ఎడమవాటం ఆటగాడయ్యాడు. వియర్ దేశం కెనడాలో ఐస్ హాకీ ఎక్కువ కాబట్టి ఎడమవైపు కొట్టే అలవాటు జనంలో బాగా ఉంది, గోల్ఫ్‌లోనూ అక్కడ లెఫ్టీలు ఎక్కువే. మనకి తెలిసిన మైదానం హాకీలో ఈ బాధే లేదు, అసలు ఎడమచేతి స్టిక్కే లేదు, నిబంధన ఒప్పుకోదు. ఆ లెక్కన గోల్ఫ్ మనల్ని బాగానే చూసుకుంటోంది.

సరే, ఎడమవైపే అని తేలింది. ఇప్పుడు సామాను.

మనకి ఎందుకు తక్కువ రకాలు వస్తాయో ముందు తెలుసుకుంటే కోపం తగ్గుతుంది. కుడిచేతి క్లబ్బుని తిప్పేస్తే ఎడమచేతిది అవదు. బంతిని కొట్టే తల మొత్తం అద్దంలో ప్రతిబింబంలా మళ్ళీ తయారవ్వాలి. పోత పోసేదైతే వేరే అచ్చు కావాలి, ఫోర్జింగ్, అంటే లోహాన్ని సాగగొట్టి చేసేదైతే వేరే డై కావాలి. అమ్ముడయ్యేది కొద్ది, అచ్చు ఖర్చు మాత్రం అంతే. అందుకే కంపెనీలు ఎక్కువ కదిలేవాటినే మనకి చేస్తాయి. 10.5 డిగ్రీల డ్రైవర్ ఉంటుంది, అంతకన్నా ఎక్కువ లాఫ్ట్, అంటే కొట్టే ముఖం వెనక్కి వాలిన కోణం, ఉండకపోవచ్చు. దగ్గర నుంచి బంతిని ఎత్తుగా లేపే వెడ్జ్‌లు ఉంటాయి, కింది భాగం చెక్కిన తీరులో కుడివాళ్ళకి నాలుగైదు రకాలుంటే మనకి ఒకటో రెండో. ఆడవాళ్ళ ఎడమచేతి సెట్లయితే మరీ అరుదు. అమెరికా ఆడవాళ్ళ టూర్‌లో 1974లో బోనీ బ్రయంట్ ఎడమవైపు ఆడి గెలిచింది, ఆ తర్వాతైనా కంపెనీల అరలు పెద్దగా మారలేదు. ఎత్తు తక్కువగా ఉండి స్వింగ్ నెమ్మదిగా ఉన్న అమ్మాయికి షాపువాడు మగవాళ్ళ సెట్టు అంటగడతాడు. 'కాస్త కత్తిరిస్తే సరిపోతుందమ్మా' అంటాడు. సరిపోదు. షాఫ్ట్, అంటే క్లబ్బు కాడ, కత్తిరిస్తే ఇంకా బిగుసుకుంటుంది, తల బరువు అలాగే ఉంటుంది. తేలికైన షాఫ్ట్‌తో ఆర్డర్ పెట్టించుకోవడమే మేలు.

షాఫ్ట్ అన్నాను కదా, ఇక్కడే మనకో గొప్ప వెసులుబాటు ఉంది. షాఫ్ట్‌కి కుడి ఎడమ లేదు. గుండ్రటి గొట్టం, అంతే. తలకి మాత్రమే వైపు ఉంటుంది. మామూలు గ్రిప్‌కీ వైపు లేదు, వేళ్ళ గుంటలు అచ్చుపోసి ఉండే శిక్షణ గ్రిప్‌లకి తప్ప. అంటే ఫిట్టింగ్ చేసేవాడి, మనిషికి తగ్గట్టు క్లబ్బు అమర్చేవాడి, దగ్గర ఒక్క ఎడమచేతి డ్రైవర్ తల ఉన్నా చాలు, గోడకి వేలాడుతున్న షాఫ్ట్‌లన్నీ దానికి బిగించి కొట్టి చూడొచ్చు. షాఫ్ట్‌ని తలకి బిగించే స్లీవులు చాలా కంపెనీలవి రెండు వైపుల తలలకీ పడతాయి. పడుతుందో లేదో ముందు అడగండి. 'లెఫ్ట్ డెమో లేదు సార్' అనగానే వెనక్కి తిరిగి వచ్చేయకండి. 'తల ఒక్కటైనా ఉందా?' అని అడగండి. షాఫ్ట్ బరువు, బిగువు, పొడవు, గ్రిప్ లావు, ఇవన్నీ అలా తేలిపోతే తల విషయంలో మీరు చేసే జూదం చిన్నదైపోతుంది. నా లెక్కలో సగం ఫిట్టింగ్ అక్కడే అయిపోతుంది. చూసి కొనాల్సిన తలకన్నా కొట్టి కొనాల్సిన షాఫ్ట్ ముఖ్యం.

ఇంకొకటి, ఫిట్టింగ్‌కి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే లెఫ్టీ అని చెప్పండి. బంతి పక్కన నేల మీద పెట్టే కెమెరా రకం లాంచ్ మానిటర్‌ని, అంటే దెబ్బని కొలిచే పరికరాన్ని, మన కోసం రెండో వైపుకి జరపాలి. బంతి వెనకాల పెట్టే రాడార్ రకానికి ఆ బాధ లేదు. కొన్ని బేలలో, అంటే నిలబడి కొట్టే అరల్లో, మనం నిలబడే చోట గోడో కంప్యూటర్ బల్లో ఉంటుంది. ఒకసారి నేను ఒక చోటికి వెళ్తే, నా బ్యాక్‌స్వింగ్‌లో క్లబ్బు వెళ్ళే దారిలో టీవీ ఉంది. 'మెల్లగా తిప్పండి సార్' అన్నాడు ఫిట్టింగ్ చేసేవాడు. మెల్లగా తిప్పితే అది ఫిట్టింగ్ ఎలా అవుతుంది? టీవీకి భయపడి కొట్టిన దెబ్బల లెక్కలతో ఒక సెట్టు ఆర్డర్ పెట్టి, రెండేళ్ళు ఆ మెత్తటి షాఫ్ట్‌లతో తిప్పలు పడ్డాను. బేలో స్వేచ్ఛగా తిప్పలేకపోతే ఆ రోజు వచ్చిన అంకెలు చింపేయండి.

రేంజ్ గురించి కూడా ఒక చిన్న మాట. లక్ష్యం వైపు చూస్తే కుడివాటం వాళ్ళందరి ఛాతీ కుడి పక్కకి తిరిగి ఉంటుంది, మనది ఎడమ పక్కకి. మధ్య బేలో నిలబడితే పక్కవాడూ మనమూ ముఖాముఖి. వాడు మనల్ని చూస్తాడు, మనం వాణ్ణి చూస్తాం, ఇద్దరికీ టెన్షన్. ఎడమ చివరి బే తీసుకోండి. అక్కడ మన ముందు ఎవరూ ఉండరు. కొత్త క్లబ్బు పరీక్షించే రోజైతే ఇది తప్పనిసరి, ఎదుటి మనిషి ముఖం చూస్తూ కొట్టే దెబ్బ మన అసలు దెబ్బ కాదు.

ఇప్పుడు చార్టుల గొడవ. గోల్ఫ్ పాఠాలన్నీ కుడివాళ్ళ కోసమే రాస్తారు. 'బంతి కుడికి వంగితే స్లైస్' అంటారు. మనకి ఎడమకి వంగితే స్లైస్. లై అంటే నేలకి ఆనించిన క్లబ్బులో షాఫ్ట్ ఎంత నిలువుగా ఉందో ఆ కోణం. 'లై నిటారుగా ఉంటే బంతి ఎడమకి పోతుంది' అంటారు, మనకి కుడికి పోతుంది. ఇవి తిప్పుకుని చదవడం ఎవరికైనా వస్తుంది. మోసపోయేది డ్రైవర్ మెడ దగ్గర తిప్పే స్లీవు విషయంలో. దాని మీద అక్షరాలు, అంకెలు ఉంటాయి, పక్కన చార్టు ఇస్తారు. కుడిచేతి తలలో లాఫ్ట్ పెంచే స్థానం ఎడమచేతి తలలో అదే పని చేయకపోవచ్చు. షాఫ్ట్ ఒరిగే దిశ అదే, ముఖం మాత్రం రెండో వైపుకి తిరిగి ఉంటుంది కాబట్టి. అందుకే కంపెనీలు ఎడమవాళ్ళకి వేరే చార్టు ఇస్తాయి. నేను ఆ సంగతి తెలియక కుడి చార్టు చూసి తిప్పాను. పెరిగిందనుకున్న లాఫ్ట్ తగ్గింది, ముఖం తెరుచుకుంది, స్లైస్ ఎక్కువైంది. రెండు వారాలు నా స్వింగ్‌ని తిట్టుకున్నాను. కోచ్ కూడా నా స్వింగ్‌నే తిట్టాడు! చివరికి రాత్రి భోజనాలయ్యాక చార్టు రెండో పేజీ తిప్పితే అక్కడ ఉంది, చిన్న అక్షరాల్లో, ఎడమ పట్టిక. ఒకటి గుర్తుపెట్టుకోండి, రౌండు మొదలయ్యాక స్లీవు తిప్పడం నిబంధనలకి విరుద్ధం. ఇంట్లోనే తేల్చుకుని వెళ్ళాలి.

బ్యాగులో ఎన్ని క్లబ్బులు? 14 దాకా పెట్టుకోవచ్చు. అది గరిష్ఠం, మొక్కుబడి కాదు. మికెల్సన్ 2006 మాస్టర్స్‌లో రెండు డ్రైవర్లు పెట్టుకుని గెలిచాడు, ఒకటి బంతిని అటు వంచడానికి, ఇంకోటి ఇటు వంచడానికి. అదే మనిషి 2013లో మ్యూర్‌ఫీల్డ్‌లో ఓపెన్ గెలిచినప్పుడు బ్యాగులో డ్రైవరే లేదు. డ్రైవర్ తర్వాత దూరం కొట్టే మూడో వుడ్డుతో సరిపెట్టాడు. కోర్సుని బట్టి బ్యాగు మార్చుకున్నాడు. మన స్థాయికి అన్ని హంగులు అక్కర్లేదనుకోండి, కానీ దొరికిన ప్రతి ఎడమచేతి క్లబ్బునీ బ్యాగులోకి తోసేసే జబ్బు మనలో ఉంది. 'మళ్ళీ దొరకదేమో' అనే భయం. నా అటక మీద మూడు నాలుగో నంబరు హైబ్రిడ్‌లు, అంటే వుడ్డుకీ, పల్చటి తల ఉండే ఐరన్‌కీ మధ్య రకం క్లబ్బులు, ఉన్నాయి. మూడూ నాలుగోవే! కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి డ్రైవర్ లేదా మూడో వుడ్డు ఒకటి, ఒక హైబ్రిడ్, ఆరో నంబరు నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా ఐరన్లు, ఒక శాండ్ వెడ్జ్, హోల్‌లోకి బంతిని దొర్లించే పటర్. దీనితో ఏడాది ఆడొచ్చు.

డబ్బు పెట్టాల్సింది వెడ్జ్‌ల మీద. ఇప్పటి ఐరన్ సెట్లలో పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ చాలావరకు 43 నుంచి 46 డిగ్రీల మధ్య ఉంటుంది. మీది ఎంతో ముందు కనుక్కోండి. అక్కడి నుంచి నాలుగు నుంచి ఆరు డిగ్రీల ఎడంలో మిగతావి ఉండాలి. కుడివాడైతే కావాల్సిన అంకె అరలోంచి తీసుకుంటాడు. మనకి 54 కావాలంటే 52, 56 మాత్రమే ఉంటాయి. అప్పుడు 56ని వంచి 54 చేయించుకోవచ్చు, మెత్తటి ఉక్కుతో ఫోర్జింగ్ చేసినదైతే రెండు డిగ్రీలు తేలికగానే వంగుతుంది. ఒకటే షరతు, లాఫ్ట్ ఎన్ని డిగ్రీలు తగ్గిస్తే బౌన్స్, అంటే క్లబ్బు నేలలో దిగబడకుండా కింది భాగానికి ఇచ్చిన కోణం, కూడా సుమారుగా అన్ని డిగ్రీలు తగ్గుతుంది. బౌన్స్ తగ్గితే క్లబ్బు అంచు మెత్తటి నేలలోకి దిగబడుతుంది. కాబట్టి మొదటే బౌన్స్ ఎక్కువ ఉన్నది కొని వంచండి. వంచే యంత్రం ఎడమచేతి తలని పట్టుకోగలదా అని కూడా అడగండి. కొన్ని వర్క్‌షాపుల్లో కుడివాటికి సరిపడే బిగింపే ఉంటుంది.

2012 మాస్టర్స్‌లో స్కోర్లు సమమయ్యాక ఆడిన ప్లేఆఫ్‌లో బబ్బా వాట్సన్ చెట్ల మధ్య నుంచి కొట్టిన ఆ దెబ్బ మీరంతా చూసే ఉంటారు. పదో హోల్. బంతిని దారుణంగా హుక్ చేసి, అంటే స్లైస్‌కి ఎదురు దిశలో వంచి, హోల్ చుట్టూ ఉండే గ్రీన్ మీదకి తెచ్చాడు. అది 52 డిగ్రీల వెడ్జ్. ఎడమవాటం హుక్ కుడికి వంగుతుంది, అతనికి కావాల్సిందీ అటే. అదే చోట కుడివాడు అంతే వంపు కావాలంటే స్లైస్ కొట్టాలి. అంత లాఫ్ట్ ఉన్న క్లబ్బుతో స్లైస్ అంతగా వంగదు. మాస్టర్స్ జరిగే ఆగస్టా కోర్సు మనకి కలిసొస్తుందన్న మాట ఊరికే పుట్టలేదు, 2003 నుంచి 2014 వరకు పన్నెండు మాస్టర్స్‌లో ఆరు లెఫ్టీలవే. అక్కడ పన్నెండో హోల్ గ్రీన్ ఏటవాలుగా ఉంటుంది, ఎడమ కొస దగ్గరగా, కుడి కొస దూరంగా. మనం లాగేసిన దెబ్బ దూరంగా కుడికి పోతుంది, సరిగ్గా తగలనిది తక్కువలో ఎడమకి పడుతుంది. రెండూ గ్రీన్ వాలు వెంబడే. కుడివాళ్ళకి తక్కువపడిన దెబ్బ కుడివైపు నీళ్ళలోకి. పాపం వాళ్ళకీ కష్టాలున్నాయి. (నవ్వులు) సామాను గురించి మాట్లాడమంటే ఇటు వచ్చేశాను, క్షమించాలి.

పటర్ దగ్గరికి వద్దాం. ఇక్కడ మనకి స్వేచ్ఛ ఎక్కువ. నిబంధనల ప్రకారం రెండు ముఖాలు ఉండే వీలు పటర్‌కి ఒక్కదానికే ఉంది, రెండు ముఖాలూ ఒకేలా ఉండాలన్న షరతు మీద. పాత అకుష్నెట్ బుల్స్ ఐ రకం పటర్లు అలాంటివే, ఎటు నుంచైనా కొట్టొచ్చు. నోటా బెగే అనే అమెరికా ప్రొఫెషనల్ గ్రీన్ వాలుని బట్టి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు నిలబడి పటింగ్ చేసేవాడు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పూర్తి స్వింగ్ ఎడమవైపు కొట్టినంత మాత్రాన పటింగ్ కూడా అటే చేయాలని లేదు. గ్రీన్ మీద కుడివైపు నిలబడితే గీత బాగా కనిపిస్తోందంటే కుడిచేతి పటర్ కొనుక్కోండి, షాపు నిండా ఉంటాయి. ఇక చిప్పర్, అంటే గ్రీన్ పక్క నుంచి బంతిని కాస్త లేపే క్లబ్బు, అమ్మేవాళ్ళున్నారు, రెండు ముఖాలది, 'ఎవరైనా వాడొచ్చు' అంటారు. ఎవరూ వాడకూడదు. పటర్ కాని క్లబ్బుకి రెండు ముఖాలుంటే పోటీల్లో చెల్లదు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళకి ఒక కిటుకు. ప్రకటనలో 'లెఫ్ట్' అని రాసినా నమ్మకండి, ఫొటో చూడండి. క్లబ్బు కింది భాగం నేలకి ఆని, కొట్టే ముఖం మీవైపు ఉండేలా చూస్తే, షాఫ్ట్ ఎడమ పక్క నుంచి పైకి లేవాలి. అలా ఉంటే మనది. అయితే సెల్ఫీ కెమెరాతో తీస్తే ఫొటో తిరగబడుతుంది, కుడిది ఎడమలా కనిపిస్తుంది. కంపెనీ పేరు అక్షరాలు సరిగ్గా చదవగలుగుతున్నారో లేదో చూడండి. ముఖం మీద గాడులు అరిగాయేమో అడగండి. లై ఎప్పుడైనా వంచారా అనీ అడగండి, వంచకుండా ఉంచిన ఎడమచేతి ఐరన్ సెట్టు నాకు తక్కువే కనబడింది. తిరిగి అమ్మేటప్పుడు కొనేవాడు దొరకడానికి నెలలు పడుతుంది, ఆ లెక్క కూడా వేసుకునే కొనండి.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా.

(సభలోంచి: మా నాన్నగారి కుడిచేతి సెట్టు ఇంట్లో ఉందండి. ఏదైనా పనికొస్తుందా?)

ఒకటి, గ్రాఫైట్ షాఫ్ట్‌లైతే మీ స్వింగ్‌కి నప్పుతాయేమో చూసి తీయించి ఎడమచేతి తలలకి వేయించుకోవచ్చు. తీయించే కూలీ షాఫ్ట్ విలువని మించకపోతేనే. రెండు, ఎనిమిదో నంబరు ఐరన్ ఒకటి పక్కన పెట్టుకోండి. బంతి చెట్టు మొదట్లో ఆగి ఎడమవైపు నిలబడే చోటే లేనప్పుడు కుడివైపు నుంచి తోయడానికి. 14 మించకపోతే కుడి క్లబ్బు ఉండటం తప్పేమీ కాదు. అదీ లేకపోతే మీ ఎడమ ఐరన్‌నే తిరగేసి, మొన కిందికి పెట్టి, కుడివైపు నుంచి కొట్టొచ్చు. తలలో ఏ భాగంతో అయినా బంతిని సరిగ్గా కొట్టడానికి నిబంధన ఒప్పుకుంటుంది, తోసుకుపోకూడదంతే. ముందు ప్రాక్టీస్ చేయండి, లేకపోతే గాలిని కొడతారు. నేను కొట్టాను, ఇద్దరు చూస్తుండగా.

మీరు చెప్పండి సార్.

(సభలోంచి: మా అబ్బాయికి ఆరేళ్ళు. ఎడమవైపు నిలబడుతున్నాడు. ఇప్పుడే సెట్టు కొనాలా?)

సెట్టు వద్దు. పిల్లల కోసం చేసిన తేలిక క్లబ్బులు రెండు చాలు, ఒక ఐరన్, ఒక పటర్. పెద్దవాళ్ళవి కోసి ఇవ్వకండి. ఏడాదికో రెండేళ్ళకో ఎదిగిపోతాడు, అప్పుడు ఇంకో రెండు. మళ్ళీ మారి కుడివైపు నిలబడితే బతిమాలకండి, నిలబడనివ్వండి. మీరు కుడివాటం కదా? అయితే వాడికి ఎదురుగా నిలబడి చూపించండి, పక్కన నిలబడి కాదు. అద్దంలో చూసినట్టు నేర్చుకుంటాడు.

టైమ్ అయిపోయిందంటున్నారు. బయట బల్ల మీద నా రెండు ముఖాల పటర్ పెట్టాను, రెండు వైపులా కొట్టి చూడండి. పక్కనే ఆ గ్లవ్ కూడా ఉంది, ఎడమ చేతిది. కుడివాటం వాళ్ళెవరైనా తీసుకెళ్ళొచ్చు. ఒక్కసారే తొడిగాను.